ఇన్‌వాయిస్ ధరకే ఇచ్చినా డీలరుకు మిగిలేదెంత?

టెక్సస్‌లో ఉండే మిత్రుడొకడు కొత్త కారు కొంటూ నన్నూ తోడు రమ్మన్నాడు. రెండు గంటల బేరం అయ్యాక సేల్స్ మేనేజరు లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చి మా ముందు పెట్టాడు. కంపెనీ డీలరుకు పంపిన ఇన్‌వాయిస్ అది. "మాకు పడిన ధర 34,200 డాలర్లు. మీకూ అంతకే ఇస్తున్నాను. ఇంక తగ్గిస్తే నా జేబులోంచి వేసుకోవాలి" అన్నాడు. స్టిక్కరు మీద 36,000 ఉన్న బండి. 1,800 తగ్గిందని మావాడి మొహం వెలిగిపోయింది. బయటికొచ్చాక "పాపం, వాళ్లకేం మిగల్లేదురా" అని జాలి కూడా పడ్డాడు.

ఆ కాగితం దొంగది కాదు. అందులో అంకె అబద్ధమూ కాదు. కాకపోతే కథ అక్కడితో అయిపోదు. కారు అమ్మినందుకు డీలరుకు వచ్చే డబ్బు కొనేవాడి చేతినుంచి మాత్రమే రాదు. కంపెనీ నుంచి వస్తుంది, అప్పిచ్చిన బ్యాంకు నుంచి వస్తుంది, నెలాఖరు లెక్కల్లోంచి వస్తుంది. ఇవేవీ ఇన్‌వాయిస్ మీద కనపడవు. బేరం అంటే గట్టిగా మాట్లాడటం, లేచి వెళ్లిపోతున్నట్టు నటించడం అనుకుంటాం. అవి కొంత పనిచేస్తాయి, కాదనను. కానీ ఎదుటివాడి సంచిలో ఎన్ని అరలున్నాయో తెలియకుండా ఎంత గట్టిగా అరిచినా పై అరలోంచే చిల్లర రాలుతుంది.

ఇదంతా అమెరికా పద్ధతి గురించే రాస్తున్నాను. అంకెలు లెక్క తేలిగ్గా తెలియడానికి కొంచెం గుండ్రం చేశాను.

స్టిక్కరు, ఇన్‌వాయిస్, ఆ కింద

1958కి ముందు ఇక్కడ కొత్త కారుకు అచ్చు వేసిన ధరంటూ ఉండాలన్న నియమం లేదు. డీలరు తోచినట్టు పెంచి చెప్పి, దాని మీద భారీ తగ్గింపు ఇచ్చినట్టు నటించేవాడు. ఓక్లహోమా సెనేటరు మైక్ మన్రోనీ పట్టుబట్టి ఆ ఏడాది చట్టం తెచ్చాడు. కారు అద్దానికి అంటించి ఉండే ఆ పెద్ద కాగితాన్ని ఇప్పటికీ మన్రోనీ స్టిక్కరు అనే అంటారు. కంపెనీ సూచించిన ధర, ఫ్యాక్టరీలో బిగించిన అదనపు హంగులు, రవాణా ఖర్చు అందులో విడివిడిగా ఉండాలి. కొన్నవాడి చేతికి బండి వెళ్లేదాకా దాన్ని పీకకూడదు.

"సూచించిన" అన్న మాట గమనించాలి. డీలరు కంపెనీ ఉద్యోగి కాడు. కార్లను కంపెనీ దగ్గర కొనుక్కుని తన పేరు మీద అమ్ముకునే స్వతంత్ర వ్యాపారి. చాలా రాష్ట్రాల ఫ్రాంచైజీ చట్టాల ప్రకారం, డీలర్లున్న కంపెనీ వాళ్లకు పోటీగా తానే దుకాణం తెరిచి అమ్మడానికి వీల్లేదు. కాబట్టి స్టిక్కరు ధర కంటే తక్కువకైనా, ఎక్కువకైనా అమ్ముకునే హక్కు డీలరుదే. 2021లో కార్లలో వాడే కంప్యూటర్ చిప్పుల కొరత వచ్చి బండ్లు దొరకనప్పుడు "మార్కెట్ అడ్జస్ట్‌మెంట్" పేరుతో స్టిక్కరు పైన వేల డాలర్లు వేసి అమ్మినప్పుడు చాలామందికి ఈ సంగతి అర్థమైంది.

కంపెనీ డీలరుకు వేసే బిల్లు ఇన్‌వాయిస్. మన ఉదాహరణలో 34,200. ఇందులోనే ఒక తిరకాసు ఉంది. చాలా కంపెనీలు ఈ బిల్లులో కొంత సొమ్ము ముందే కలిపి వసూలు చేసి, తర్వాత మళ్లీ డీలరుకు తిరిగిస్తాయి. దీన్ని హోల్డ్‌బ్యాక్ అంటారు. స్టిక్కరు ధర మీదో ఇన్‌వాయిస్ మీదో సాధారణంగా 2 నుంచి 3 శాతం దాకా ఉంటుంది. అన్ని కంపెనీలకూ ఉండదు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 36,000 మీద 3 శాతం వేసుకుంటే 1,080 డాలర్లు. అంటే ఇన్‌వాయిస్ ధరకు అమ్మినా డీలరుకు కొన్ని వారాల తర్వాత 1,080 వెనక్కొస్తుంది. చూపించిన కాగితం నిజమే, "మాకు పడిన ధర" అన్న మాటే నిజం కాదు.

ఇక్కడ డీలరు పక్షాన ఒక మాట చెప్పాలి. హోల్డ్‌బ్యాక్ అంతా ఊరికే వచ్చే లాభం కాదు. షోరూములో నిలబెట్టిన ప్రతి బండినీ అతను అప్పు చేసి తెస్తాడు. దానికి ఫ్లోర్ ప్లాన్ అని పేరు. బండి అమ్ముడుపోయేదాకా రోజూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆ వడ్డీ భారాన్ని మోయడానికి హోల్డ్‌బ్యాక్ ఉపయోగపడుతుంది. బండి దిగిన పది రోజుల్లో అమ్మితే అందులో చాలా భాగం మిగులుతుంది. నాలుగు నెలలు ఎండకు నిలబడితే చాలా వరకు వడ్డీకే పోతుంది. అందుకే "హోల్డ్‌బ్యాక్ కూడా నాకే ఇచ్చెయ్" అని పట్టుబడితే సాధారణంగా ఒప్పుకోరు. కానీ ఆ సొమ్ముందని మనకు తెలిసినప్పుడు, "ఇన్‌వాయిస్‌కి ఇస్తే మాకు నష్టం" అన్న మాటకు మనసు కరగదు.

ఇంకో సంగతి. చాలాకాలంగా అమ్ముడుపోని బండి మీద వడ్డీ పెరుగుతున్న కొద్దీ డీలరుకు దాన్ని వదిలించుకోవాలన్న తొందరా పెరుగుతుంది. బండి తయారైన నెల, ఏడాది డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చిన్న పట్టీ మీద రాసి ఉంటుంది. దాన్ని చూస్తే బండి వయసు సుమారుగా తెలిసిపోతుంది. రంగు నచ్చక ఎవరూ కొనని బండి మీకు నచ్చిందంటే అదృష్టమే.

మనకు చెప్పే రాయితీ, చెప్పని రాయితీ

అసలు విషయం ఇదీ. కంపెనీలు ఇచ్చే రాయితీలు రెండు రకాలు. ఒకటి కొనేవాడికి నేరుగా ఇచ్చే రిబేటు. టీవీలో చెబుతారు, వెబ్‌సైట్లో పెడతారు. 1975 జనవరిలో క్రైస్లర్ ఇలాంటి రిబేట్లను టీవీ ప్రకటనలతో ఊదరగొట్టింది. మిగతా కంపెనీలూ వెంటనే అదే బాట పట్టాయి. అప్పటినుంచి ఇది మామూలైపోయింది. రెండోది డీలరుకు ఇచ్చేది. డీలర్ క్యాష్ అంటారు. ఫలానా మోడలు ఒక్కోటి అమ్మితే 1,000 డాలర్లు అని కంపెనీ డీలరుకు చెబుతుంది. దాన్ని కొనేవాడికి ఇవ్వాలా, తన దగ్గరే ఉంచుకోవాలా అన్నది అతని ఇష్టం. కంపెనీ దీని గురించి ప్రకటనలేమీ వేయదు.

పైనుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తుంది. వెయ్యి డాలర్లు వెయ్యి డాలర్లే కదా, బేరంలో ఎలాగూ సర్దుకుంటుంది అనుకుంటాం. అర్థశాస్త్రం పాఠ్యపుస్తకం కూడా అదే చెబుతుంది. మేఘన్ బుస్సీ, హోర్హె సిల్వా-రిస్సో, ఫ్లోరియన్ జెటెల్‌మేయర్ అనే ముగ్గురు పరిశోధకులు నిజంగా జరిగిన అమ్మకాల లెక్కలు తీసి 2006లో ఒక వ్యాసం వేశారు. కొనేవాళ్లకు ప్రకటించిన రిబేటులో 70 నుంచి 90 శాతం కొనేవాళ్లకే దక్కింది. డీలరుకిచ్చిన రాయితీలో మాత్రం కొనేవాళ్లకు దక్కింది 30 నుంచి 40 శాతమే. కంపెనీ జేబులోంచి పోయే డబ్బు ఒకటే. తేడా అంతా ఆ డబ్బు ఉందని ఎవరికి తెలుసన్న దాంట్లోనే.

ఈ ఫలితాన్ని నేను చాలాసార్లు తలుచుకుంటాను. బేరమాడే నేర్పు లేదని బాధపడే వాళ్లకు ఇందులో పెద్ద ఊరట ఉంది. రిబేటు సంగతి తెలిసిన మామూలు మనిషి, మాటకారితనం ఏమీ లేకుండానే అందులో ఎక్కువ భాగం రాబట్టుకున్నాడు. తెలియనివాళ్లు సగటున సగం కూడా రాబట్టలేకపోయారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఉందని తెలిస్తేనే కదా అడగడం.

మన ఉదాహరణకొస్తే, 34,200 లోంచి 1,080 హోల్డ్‌బ్యాక్, 1,000 డీలర్ క్యాష్ తీసేస్తే 32,120. మావాడు "పాపం" అని జాలిపడిన బండి మీద ఆ లెక్కన రెండు వేల పైచిలుకు ఇంకా ఉంది. అందులో వడ్డీ, ప్రకటనల కోసం డీలరు కట్టే చందా, గుమాస్తాల జీతాలు పోతాయి. నిజమే. అయినా జాలిపడాల్సినంత పరిస్థితి లేదు.

డీలర్ క్యాష్ ఉందో లేదో తెలుసుకోవడం మునుపటంత కష్టం కాదు. కార్ల ధరలు ప్రచురించే వెబ్‌సైట్లు, వాహన పరిశ్రమ వార్తలు ఇచ్చే పత్రికలు చాలా వాటిని బయటపెడతాయి. ఒక మోడలును దేశమంతా డీలర్లు ఇన్‌వాయిస్ కంటే బాగా తక్కువకు ప్రకటిస్తున్నారంటే, తెర వెనక కంపెనీ డబ్బు ఉన్నట్టే.

పెద్ద ప్రకటన అంటే చౌక ధర అని అనుకోవడం కూడా పొరపాటే. 2005 వేసవిలో జనరల్ మోటార్స్ "మా ఉద్యోగులకిచ్చే ధరకే అందరికీ" అని ప్రకటించింది. ఫోర్డ్, క్రైస్లర్ కూడా అదే దారి పట్టాయి. జనం ఎగబడ్డారు, అమ్మకాలు రికార్డులు దాటాయి. బుస్సీ, జెటెల్‌మేయర్ మరొక పరిశోధకుడితో కలిసి ఆ ధరలను తర్వాత పరిశీలించారు. ప్రకటనకు ముందు వారాల్లోనే పెద్ద రిబేట్లు నడుస్తున్నాయి. ఉద్యోగుల ధర పెట్టాక చాలామంది అంతకు ముందుకంటే ఎక్కువే చెల్లించారు. బేరమాడే పని లేదు, ఇదే అట్టడుగు ధర అని నమ్మగానే జనం లెక్క చూడటం మానేశారు.

ఎనభయ్యో బండి

నెలాఖరున వెళ్తే చౌకగా ఇస్తారని అందరూ చెబుతారు. ఎందుకిస్తారో మాత్రం తక్కువమంది చెబుతారు. కారణం తెలిస్తే ఆ సలహా ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలుస్తుంది.

కంపెనీలు డీలర్లకు మెట్లలెక్కన లక్ష్యాలు పెడతాయి. ఒక నెలలో 60 బండ్లు అమ్మితే ఒక్కో బండికి 300 డాలర్లు, 80 అమ్మితే ఒక్కో బండికి 600 అనుకుందాం. కిటుకేమిటంటే, 80 చేరగానే 600 అన్నది మొదటి బండి నుంచీ వర్తిస్తుంది. ఇప్పుడు లెక్కేయండి. 79 దగ్గర ఆగిపోతే 79 మూడొందలు, అంటే 23,700. 80 అయితే 80 ఆరొందలు, అంటే 48,000. ఆ ఒక్క ఎనభయ్యో బండి విలువ డీలరుకు 24,300 డాలర్లు! దాన్ని రెండు వేలు నష్టానికి అమ్మినా, మూడు వేలు నష్టానికి అమ్మినా అతనికి పండగే.

అదే డీలరు నెలాఖరుకు 65 దగ్గర ఉన్నాడనుకోండి. 60 దాటేశాడు, 80 అందదు. ఒకటి అమ్మినా అమ్మకపోయినా పెద్ద తేడా లేదు. అప్పుడు మీరు 31వ తేదీ రాత్రి తొమ్మిదింటికి వెళ్లినా మామూలు ధరే. పైగా వచ్చే నెల లెక్కలోకి వేసుకుందామని నిదానిస్తాడు కూడా.

ఎవరు 79 దగ్గర ఉన్నారో, ఎవరు 65 దగ్గర ఉన్నారో బయటినుంచి మనకు కనపడదు. అడిగితే చెప్పరు, చెప్పినా నమ్మలేం. ఒక్క డీలరు దగ్గర గంటల తరబడి కూర్చుని బేరమాడటం వృథా అని నేననేది అందుకే. ఆ నెలలో ఆ ఒక్క బండి ఎవరికి కావాలో వాణ్ని వెతకాలి. వెతకడానికి ఉన్న ఒకే దారి, ఎక్కువమందిని అడగడం. ఒకే మోడలు, ఒకే హంగులు, ఆరుగురు డీలర్లు: ఆరు అంకెలు వస్తాయి. అందులో ఐదు ఒకదాని పక్కన ఒకటి ఉండి, ఒకటి మాత్రం విచిత్రంగా కిందికి దిగిపోయి ఉంటే అదే మీ ఎనభయ్యో బండి.

తేదీ విషయంలో ఒక చిన్న మెలిక: కంపెనీల అమ్మకాల నెల ఎప్పుడూ క్యాలెండరు నెలతో కలవదు. కొన్నిసార్లు తర్వాతి నెల రెండో మూడో తేదీ దాకా సాగుతుంది. త్రైమాసిక లక్ష్యాలు, ఏడాది చివరి లక్ష్యాలు కూడా ఉంటాయి కాబట్టి డిసెంబరు ఆఖరుకు మూడూ ఒకేసారి కలిసే అవకాశం ఉంది.

మన ఎదురుగా కూర్చున్న సేల్స్‌మన్ లెక్క వేరే. కారు మీద వచ్చిన లాభంలో సాధారణంగా ఐదో వంతో నాలుగో వంతో అతనికి కమీషను. లాభం మరీ తక్కువైతే, బండికింత అని ఒక స్థిరమైన చిన్న మొత్తం ఇస్తారు. వాళ్ల భాషలో అది "మినీ". మీరు ధరను బాగా దించాక ఎలాగూ అతనికి మినీయే. ఆ తర్వాత ఇంకో 500 తగ్గినా అతనికి పోయేదేం లేదు. అతనికి కావాల్సింది ఆ బండి తన ఖాతాలో పడటం, అదీ త్వరగా పడటం. కాబట్టి బేరం అతనితో కాదు, వెనక గదిలో కూర్చున్న మేనేజరుతో. "మా మేనేజరును అడిగొస్తా" అని పదిసార్లు లేచి వెళ్లేది సగం నాటకం, సగం నిజం.

వాకిట్లో కాదు, ఈమెయిల్లో

షోరూములో కూర్చుంటే పరిస్థితి మన చేతుల్లో ఉండదు. అక్కడ కాగితాన్ని నాలుగు గళ్లుగా మడిచి రాసే పాత పద్ధతి ఒకటుంది. ఒక గడిలో కారు ధర, ఒక గడిలో మీ పాత కారు విలువ, ఒక గడిలో ముందు కట్టే సొమ్ము, ఒక గడిలో నెల కిస్తీ. మీ చూపు కిస్తీ మీదికి తిప్పడమే దాని పని. నెలకు 620 ఎక్కువంటే 580 చేస్తారు. చేసేది ధర తగ్గించి కాదు, 60 నెలల అప్పును 72 నెలలు చేసి. ఒక గడిలో ఇచ్చింది ఇంకో గడిలో లాక్కుంటారు. నాలుగూ ఒకేసారి కదులుతుంటే ఎంత లెక్కలు వచ్చినవాడికైనా కళ్లు తిరుగుతాయి.

మనిషిని చూసి ధర చెప్పడమూ ఉంది. ఇయన్ ఐర్స్, పీటర్ సీగల్‌మన్ షికాగో ప్రాంతంలో ఒకే తీరుగా మాట్లాడేలా తర్ఫీదిచ్చిన మనుషులను డీలర్ల దగ్గరికి పంపి చూశారు. ఒకే డీలరు దగ్గరికి ఇద్దరిని వేర్వేరుగా పంపే జంట పరీక్షలు మూడు వందలకు పైగా చేసి 1995లో ఫలితాలు ప్రచురించారు. ఒకే కారుకు, ఒకే మాటలకు, తెల్లజాతి మగవాళ్లకు చెప్పిన ధరే తక్కువ; నల్లజాతివాళ్లకు, ఆడవాళ్లకు ఎక్కువ. ఇది ముప్పై ఏళ్ల నాటి మాటే. కానీ ఈమెయిల్లో మొహం కనపడదన్నది ఇప్పటికీ పనికొచ్చే విషయం.

చాలా డీలర్‌షిప్పుల్లో ఇంటర్నెట్ సేల్స్ అని ఒక విభాగం ఉంటుంది. వాళ్లకు రాయాల్సింది రెండే ముక్కలు. నాకు ఫలానా మోడలు, ఫలానా ట్రిమ్ (అదే మోడలులో హంగుల రకం) కావాలి. ఈ వారంలో కొంటాను. నా పిన్‌కోడుకు అన్నీ కలిపి అవుట్ ది డోర్ ధర ఎంతో పద్దులవారీగా రాసి పంపండి. అంతే. అవుట్ ది డోర్ అంటే పన్ను, రిజిస్ట్రేషన్, డాక్ ఫీ, వాళ్లు బిగించిన హంగులు అన్నీ కలిపి, తాళాలు తీసుకుని బయటికి వచ్చేటప్పటికి అయ్యే మొత్తం. కారు ధర ఒక్కటే అడిగితే 800 తగ్గించి, డాక్ ఫీలో 800 ఎక్కిస్తారు. ఈ డాక్ ఫీ కాగితాల పని ఖర్చని చెప్పుకునేది. కొన్ని రాష్ట్రాల్లో దానికి చట్టం పరిమితి పెట్టింది, ఫ్లోరిడా లాంటి చోట పరిమితే లేదు. "అందరికీ ఒకటే, తగ్గించలేం" అంటారు. తగ్గించనక్కర్లేదు, అంత మేరకు కారు ధర దించితే మనకు చాలు.

వచ్చిన జవాబుల్లో అన్నిటికంటే చవకైనది చూసి ఎగిరి గంతేయకముందు పద్దులు చదవాలి. కొందరు మనకు వర్తించని రిబేట్లన్నీ కలిపి ధర చెబుతారు: ఈమధ్యే కాలేజీ పూర్తిచేసినవాళ్లకు, సైన్యంలో పనిచేసేవాళ్లకు, అదే కంపెనీ కారు ఇదివరకే ఉన్నవాళ్లకు, పోటీ కంపెనీ కారు ఉన్నవాళ్లకు. ఆ చివరి రెండూ ఒకేసారి వేసిన ఘనుణ్ని కూడా చూశాను. ఇంకొందరు జవాబులో ధర ఇవ్వరు, "ఒకసారి రండి, మాట్లాడుకుందాం" అంటారు. వాళ్లను వదిలేయడమే. బండి గుర్తింపు సంఖ్యతో సహా అంకె రాసిచ్చినవాళ్లే లెక్కలోకి వస్తారు. ఆ అంకెను మిగతావాళ్లకు ఒక్కసారి చూపించి ఇంకా దిగుతారేమో అడగండి. రెండోసారి, మూడోసారి తిప్పితే ఎవరూ పట్టించుకోరు.

షోరూములో మన్రోనీ స్టిక్కరు పక్కనే అదే తీరులో అచ్చువేసిన ఇంకో చిన్న స్టిక్కరు కనపడితే అది డీలరు సొంత తయారీ. టైర్లలో నైట్రోజన్, అద్దాల మీద నంబరు చెక్కడం, రంగుకు రక్షణ పూత అని రాసి వందలో వేలో వేస్తారు. గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, దానికి మళ్లీ డబ్బులెందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ధర కుదిరాక మొదలయ్యే రెండో బేరం

ధర కుదిరింది, చేతులు కలిపారు. అప్పుడు మిమ్మల్ని ఇంకో గదిలోకి తీసుకెళ్తారు. ఫైనాన్స్, ఇన్సూరెన్సు చూసే ఆయన గది అది. అలసిపోయి ఉంటారు, పిల్లలు ఆకలంటుంటారు, సంతకం పెట్టి వెళ్లిపోదామనిపిస్తుంది. డీలరు మొదటి గదిలో వదులుకున్నది తిరిగి సంపాదించుకునేది ఇక్కడే.

డీలరు ఇప్పించే అప్పులో బ్యాంకు అతనికి ఒక వడ్డీ రేటు చెబుతుంది. అతను మీకు దానికంటే ఎక్కువ చెప్పవచ్చు. ఆ తేడాలో ఎక్కువ భాగం డీలరుదే. ఇది చట్టవిరుద్ధం కాదు. సాధారణంగా రెండు, రెండున్నర శాతం దాటకుండా బ్యాంకులే కట్టడి పెడతాయి. ఆ రెండు శాతం ఎంతవుతుందో చూడండి. 30,000 అప్పు, 60 నెలలు. 5 శాతానికి నెలకు 566 డాలర్లు. 7 శాతానికి 594. నెలకు 28 డాలర్లే కదా అనిపిస్తుంది. అయిదేళ్లకు 1,670 పైన. ఆరుగురికి ఈమెయిళ్లు రాసి సంపాదించింది ఒక్క సంతకంతో అటు పోయింది. దీనికి మందు చాలా తేలిక: వెళ్లేముందే మీ క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార పరపతి సంఘం) దగ్గరో బ్యాంకు దగ్గరో అప్పు మంజూరు చేయించుకుని ఆ కాగితం జేబులో పెట్టుకోవడం. "ఇంతకంటే తక్కువ ఇస్తే మీ దగ్గరే తీసుకుంటా" అంటే చాలాసార్లు ఇస్తారు కూడా.

లీజు తీసుకునేవాళ్లకు వడ్డీని శాతంలో చెప్పరు, మనీ ఫ్యాక్టర్ అని 0.0025 లాంటి చిన్న అంకె చెబుతారు. దాన్ని 2,400తో గుణిస్తే మామూలు వడ్డీ వస్తుంది: 6 శాతం.

కంపెనీ సున్నా వడ్డీనో, నగదు రిబేటునో ఏదో ఒకటే తీసుకోమన్నప్పుడు చాలామంది సున్నా అనగానే అటు మొగ్గుతారు. ఎప్పుడూ అదే లాభం కాదు. 30,000 బండికి 2,500 రిబేటు లేదా 60 నెలలు సున్నా వడ్డీ అనుకుందాం. సున్నా వడ్డీకి మొత్తం కట్టేది 30,000. రిబేటు తీసుకుని మిగిలిన 27,500ను 6 శాతానికి అప్పు తెస్తే 31,900 దాకా అవుతుంది, సున్నాయే మేలు. క్రెడిట్ యూనియన్ 3 శాతానికే ఇస్తే 29,650. ఇప్పుడు రిబేటు మేలు. 6 శాతమే అయినా 36 నెలల్లో తీర్చేస్తే 30,100 చిల్లర, అంటే దాదాపు సమానం. ఫోనులో లెక్క కట్టడానికి రెండు నిమిషాలు చాలు, ఆ రెండు నిమిషాలు ఆ గదిలోకి వెళ్లకముందే వెచ్చించాలి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ, గ్యాప్ ఇన్సూరెన్సు (బండి పూర్తిగా పాడైనప్పుడు, బీమా ఇచ్చేదానికీ మిగిలిన అప్పుకూ మధ్య తేడాను కట్టేది) అమ్మేదీ ఇక్కడే. రెండూ పనికిరానివని అనను. బండి విలువ కంటే అప్పు ఎక్కువ ఉన్నవాడికి గ్యాప్ అవసరమే. కాకపోతే అవి కూడా బేరమాడే సరుకులే. బయట క్రెడిట్ యూనియన్లలో, అదే కంపెనీ వారంటీ అమ్మే వేరే డీలర్ల దగ్గర తరచూ చవకగా దొరుకుతాయి. వారంటీని ఆ రోజే కొనాలన్న నియమం కూడా సాధారణంగా ఉండదు.

పాత కారు ఇచ్చేవాళ్లకు మూడో బేరం ఉంటుంది. కొత్త కారు ధర తేలేదాకా పాత కారు ఊసెత్తకపోవడమే మంచిది. ముందుగా పాత కార్లు కొనే రెండు మూడు సంస్థల దగ్గర ధర రాయించుకుని ఉంచుకోవాలి. అయితే బయట కాస్త ఎక్కువ వచ్చినా వెంటనే అక్కడ అమ్మేయకండి. చాలా రాష్ట్రాల్లో పాత కారు విలువను మినహాయించి మిగతా దాని మీదే అమ్మకం పన్ను వేస్తారు. టెక్సస్‌లో ఆ పన్ను 6.25 శాతం. 15,000 విలువైన బండిని డీలరుకే ఇస్తే 937 డాలర్ల పన్ను తగ్గుతుంది. బయట 500 ఎక్కువ ఇస్తామన్నా డీలరే మెరుగన్నమాట. కాలిఫోర్నియాలో ఈ మినహాయింపు లేదు, అక్కడ లెక్క వేరు.

సంతకం పెట్టేటప్పుడు ఈమెయిల్లో వచ్చిన పద్దుల కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూసుకోవాలి. మూడు రోజుల్లో నచ్చకపోతే వెనక్కిచ్చేయవచ్చన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఇంటికొచ్చి అమ్మే సరుకుల కోసం పెట్టిన కేంద్ర నియమం అది, షోరూములో కొన్న కొత్త కారుకు వర్తించదు.

తాళాలిస్తూ సేల్స్‌మన్ ఒక మాట చెబుతాడు: "కంపెనీ నుంచి మీకొక సర్వే వస్తుంది. దయచేసి అన్నిటికీ పదికి పది ఇవ్వండి, తొమ్మిదిచ్చినా ఫెయిల్ కింద లెక్క." అది మర్యాద కోసం అడిగేది కాదు. చాలా కంపెనీలు డీలరుకిచ్చే బోనస్‌లో కొంత భాగాన్ని ఆ మార్కులతో ముడిపెడతాయి. మా మిత్రుడు ఇంటికెళ్లగానే కూర్చుని అన్నిటికీ పదికి పది ఇచ్చేశాడు. కింద వ్యాఖ్య రాసే చోట "లాభం చూసుకోకుండా ఇచ్చారు" అని కూడా రాశాడట.